నెట్ ఆపిన సర్కారుకు ఐపీ అడ్రసులు ఆపాలా?

2017 జనవరి 17న కామెరూన్ ప్రభుత్వం ఇంగ్లిష్ మాట్లాడే వాయవ్య, నైరుతి ప్రాంతాలకు ఇంటర్నెట్ ఆపేసింది. ఫ్రెంచ్ పెత్తనం ఏమిటని అక్కడి లాయర్లు, టీచర్లు వీధికెక్కిన రోజులవి. 93 రోజులు గడిచాక, ఏప్రిల్ 20న గానీ నెట్ తిరిగి రాలేదు. బుయా పట్టణంలోని స్టార్టప్ కుర్రాళ్లు సిగ్నల్ అందే బొనాకో ఊళ్లో చేరి, ఆ చోటుకు 'ఇంటర్నెట్ శరణార్థుల శిబిరం' అని పేరు పెట్టుకుని పని చేసుకున్నారు.

నెట్‌లో పరికరాలను గుర్తించే నంబర్లే ఐపీ అడ్రసులు. ఆఫ్రికా దేశాలకు వాటిని పంచి, ఎవరికేవి ఇచ్చారో లెక్క రాసే సంస్థ, అంటే రిజిస్ట్రీ, మారిషస్‌లోని అఫ్రినిక్. ఆ ఏప్రిల్‌లోనే దాని ముందుకు టెలికాం రంగంలోని కొందరు ఒక ప్రతిపాదన తెచ్చారు. ప్రభుత్వం నెట్ ఆపిస్తే ఏడాది పాటు ఆ ప్రభుత్వ సంస్థలకు కొత్త అడ్రసులు ఇవ్వొద్దు. పదేళ్లలో మూడుసార్లు ఆపిస్తే ఇచ్చినవీ వెనక్కి తీసుకోవాలి. పాత తరహా అడ్రసుల (ఐపీవీ4) నిల్వలు మిగతా ఖండాల్లో దాదాపు అయిపోయి, అఫ్రినిక్ దగ్గరే కాస్త మిగిలిన సమయమది. అందుకే బెదిరింపులో అప్పట్లో కొంత బలముండేది.

నైరోబీ సమావేశంలో ఏకాభిప్రాయం కుదరలేదు. సర్కారీ యూనివర్సిటీలు, ఆసుపత్రుల నెట్‌వర్కులకూ దెబ్బ తగులుతుందని, ప్రభుత్వాలకు కోపమొస్తే రిజిస్ట్రీనే తమ చేతుల్లోకి లాక్కుంటాయని భయపడ్డారు. రెండో భయం ఉత్తిది కాదు.

అసలు చిక్కు వేరే ఉంది. 2011 జనవరిలో ఈజిప్టు నెట్ ఆపినప్పుడు అడ్రసులన్నీ రిజిస్టర్‌లో భద్రంగానే ఉన్నాయి. ఆగింది ట్రాఫిక్‌కు దారి చూపే యంత్రాలు, అంటే రూటర్ల దగ్గర. భూముల ఆఫీసు పుస్తకంలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో ఉన్నవాడు లేచిపోడు కదా!

ఇతరుల అడ్రసులను తమవిగా ప్రకటించి ట్రాఫిక్ మళ్లించుకునే హైజాకింగ్ మీదా ఇదే వాదన నడిచింది. 2008లో పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ను దేశంలో ఆపబోయి దాని అడ్రసులు తనవని ప్రకటిస్తే, ఆ తప్పుడు దారి ప్రపంచమంతా పాకి యూట్యూబ్ పడిపోయింది. కావాలని చేసే హైజాకింగ్‌ను నిబంధనల ఉల్లంఘనగా చూడాలని 2019లో యూరప్ రిజిస్ట్రీ రైప్‌లో ప్రతిపాదించారు. పొరపాటుకూ కుట్రకూ తేడా ఎవరు తేలుస్తారన్న ప్రశ్న దగ్గర చర్చ చిక్కుకుంది, చివరికి ప్రతిపాదించినవాళ్లే దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022 మార్చిలో రష్యా సంస్థల అడ్రసులు లాక్కోవాలని ఉక్రెయిన్ అడిగినా రైప్ ఒప్పుకోలేదు. యుద్ధం చేస్తున్న దేశం విషయంలోనే ఒప్పుకోనివాళ్లు నెట్ ఆపిన దేశాన్ని శిక్షిస్తారనుకోను.

ఏటా అత్యధికంగా నెట్ బంద్‌లు జరిగే దేశంగా భారత్ 2023 దాకా కొన్నేళ్లు వరసగా మొదటి స్థానంలో ఉండేది. మన దగ్గర అడ్రసులిచ్చే జాతీయ రిజిస్ట్రీ ఐఆర్ఐఎన్ఎన్. దాన్ని నడిపే నిక్సీ ఉన్నది కేంద్ర ఐటీ శాఖ నీడలోనే.