ఇంటి నుంచి పని: ఒక హెచ్‌ఆర్ ఉద్యోగి దృష్టిలో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోని ఐటీ సేవల సంస్థల్లో 18 ఏళ్లుగా హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైన వారంలో డెస్క్‌టాప్‌లను కార్లలోకి ఎక్కించి ఉద్యోగుల ఇళ్లకు పంపించినవారిలో నేనూ ఉన్నాను. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్న మెయిల్‌ను ఆ తరువాత రాయవలసి వచ్చిందీ నేనే. ఈ విషయంలో యాజమాన్యాల వాదననూ ఉద్యోగుల వాదననూ ఇన్నేళ్లుగా వింటున్నాను కాబట్టి, రెండు వైపులా రుజువు లేకుండానే స్థిరపడిపోయిన కొన్ని నమ్మకాల గురించి రాయాలనిపించింది.

అపోహ: ఇంట్లో ఉంటే పని సాగదు. దీనికి పూర్తి వ్యతిరేకమైనది: ఇంట్లోనే పని ఎక్కువ సాగుతుంది.

వాస్తవం: రెండు మాటలకూ ఆధారాలు ఉన్నాయి, అయితే అవి వేర్వేరు మనుషులకు, వేర్వేరు పరిస్థితులకు సంబంధించినవి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికోలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థ కాల్ సెంటర్‌లో 2010 చివరి నుంచి తొమ్మిది నెలల పాటు జరిపిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం పెరిగింది. ఈ అంకెను అందరూ ఉదహరిస్తారు. అందులో 9 శాతం, విరామాలూ సెలవులూ తగ్గి ప్రతి షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చిందేననీ, నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల వచ్చింది 4 శాతం మాత్రమేననీ చెప్పేవారు తక్కువ. ఆ ప్రయోగానికి అర్హత పొందాలంటే సంస్థలో కనీసం ఆరు నెలల అనుభవం, ఇంట్లో పనికి ప్రత్యేకమైన గది ఉండాలి. ప్రయోగం ముగిశాక ఇంటి నుంచి పనిచేసినవారిలో దాదాపు సగం మంది తిరిగి ఆఫీసునే ఎంచుకున్నారు, ఒంటరితనం అందుకు ఒక ముఖ్య కారణం.

మనకు దగ్గరలో, చెన్నైలో, ఆర్థికవేత్తలు డేవిడ్ అట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే డేటా ఎంట్రీ ఉద్యోగులపై జరిపిన అధ్యయనంలో ఫలితం తలకిందులైంది. లాటరీ పద్ధతిలో ఇంటికి కేటాయించినవారి ఉత్పాదకత ఆఫీసులో ఉన్నవారి కంటే 18 శాతం తక్కువగా నమోదైంది. ఆ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజు నుంచే కనిపించాయి, మిగిలినది ఆఫీసులో ఉన్నవారు పనిని త్వరగా నేర్చుకోవడం వల్ల ఏర్పడింది. ఒకే సంస్థలో రెండు గదుల ఫ్లాట్‌లో నలుగురితో ఉండే ఉద్యోగి, తలుపు వేసుకోవడానికి వేరే గది ఉన్న ఉద్యోగి పక్కపక్కన పనిచేస్తున్నప్పుడు, అందరికీ ఒకే సూత్రం వర్తింపజేయడం ఎందుకు పొరపాటో ఈ రెండు అధ్యయనాలను కలిపి చదివితే తెలుస్తుంది.

అపోహ: కొత్తగా చేరినవారికి ల్యాప్‌టాప్, శిక్షణ వీడియోలు ఇస్తే సరిపోతుంది.

వాస్తవం: నా అనుభవంలో ఇంటి నుంచి పని వల్ల అత్యధికంగా నష్టపోయింది ఫ్రెషర్లే, అయినా వారి గురించే అందరికంటే తక్కువగా మాట్లాడుకుంటాము. 2021లో చేరిన ఒక బ్యాచ్ ఏడాదికి పైగా ఆఫీసు ముఖం చూడలేదు. ఆ బ్యాచ్‌లోని ఒక యువ ఉద్యోగిని పనితీరు బాగాలేదని మేనేజర్ రాసినప్పుడు నేను ఆమెతో విడిగా మాట్లాడాను. “సందేహం అడగాలంటే కాల్ పెట్టాలి మేడమ్, కాల్ పెట్టాలంటే ఏదో పెద్ద కారణం ఉండాలి. రెండు నిమిషాల సందేహం కోసం సీనియర్‌ను కాల్‌లోకి పిలవడానికి మొహమాటంగా ఉండేది” అని ఆమె చెప్పారు. పక్క సీటులో సీనియర్ ఉంటే కుర్చీ తిప్పి అడిగే ప్రశ్న అది. అలా అడగలేకపోయిన చిన్న ప్రశ్నలు పేరుకుపోయి, ఆరు నెలల తరువాత అప్రైజల్‌లో, అంటే పనితీరు మదింపులో, ఆమె అసమర్థతగా నమోదయ్యాయి. ఆ నివేదికను తిరిగి రాయించగలిగాను కానీ, అంతకు ముందు నా దాకా రాకుండానే వెళ్లిపోయిన నివేదికలు ఎన్ని ఉన్నాయోనన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫ్రెషర్లను మాత్రమే ఆఫీసుకు రప్పిస్తే ఈ సమస్య తీరదు. హాస్టల్ అద్దె కట్టుకుని, మియాపూర్ నుంచి గచ్చిబౌలికి వచ్చి, ఇంట్లో ఉన్న సీనియర్‌తో వీడియో కాల్‌లోనే మాట్లాడవలసి వస్తే ఆ ప్రయాణానికి అర్థం లేదు. మొదటి ఆరు నెలలు వారూ, వారికి నేర్పవలసిన సీనియర్లూ ఒకే రోజుల్లో ఒకే చోట ఉండేలా జట్టువారీగా రోజులు నిర్ణయించాలని నేను ప్రతి మేనేజర్‌నూ కోరుతున్నాను.

అపోహ: ఆఫీసుకు పిలవడమంటే మేనేజర్ల పట్టుదల తప్ప మరేమీ కాదు.

వాస్తవం: పట్టుదల ఉన్నచోట్లు ఉన్నాయి, దాన్ని నేను సమర్థించను. అయితే బ్యాంకుల వంటి క్లయింట్లలో చాలామంది తమ పనిని ఓడీసీలోనే, అంటే ఫోన్లు కూడా అనుమతించని ప్రత్యేక గదిలోనే చేయాలని ఒప్పందంలో రాయించుకుంటారు. సెజ్‌లలోని, అంటే ప్రత్యేక ఆర్థిక మండళ్లలోని, సంస్థల విషయంలో నిబంధనలే వేరు. 2022 జూలైలో సెజ్ నిబంధనల్లో 43ఏ అనే నిబంధన చేర్చినప్పుడు గరిష్ఠంగా 50 శాతం ఉద్యోగులకు, ఒక ఏడాది వరకు మాత్రమే ఇంటి నుంచి పనికి వీలు కల్పించారు, ఆ డిసెంబరులో దాన్ని సడలించారు. ఇటువంటి కారణం నిజంగా ఉన్నప్పుడు దాన్ని ఉద్యోగులకు స్పష్టంగా చెప్పడం సంస్థ బాధ్యత. “సంస్థ సంస్కృతి కోసం” అన్న ఒక్క మాటతో సరిపెట్టిన మెయిళ్ల వల్లే నమ్మకం దెబ్బతింటుంది.

అపోహ: ఇంటి నుంచి పని అంటే ఉద్యోగికీ సంస్థకూ డబ్బు ఆదా.

వాస్తవం: భీమవరంలోనో వరంగల్‌లోనో సొంత ఇంట్లో ఉండి పనిచేసినవారికి అద్దె, ప్రయాణ ఖర్చులు మిగిలిన మాట నిజం. అయితే పాత పన్ను విధానంలో ఉన్నవారు అద్దె కట్టనప్పుడు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం)పై పన్ను మినహాయింపు కోరడానికి వీల్లేదు. సంస్థకు కూడా భవనం లీజు ముగిసేవరకు సీట్ల ఖర్చు తగ్గదు, పైగా ల్యాప్‌టాప్‌ల రవాణా, నెట్‌వర్క్ భద్రత ఖర్చులు పెరుగుతాయి. సంస్థకు అసలైన లాభం ఉద్యోగులు నిలవడంలో ఉంది. బ్లూమ్ బృందం సీట్రిప్‌లోనే 1,612 మందిపై జరిపి 2024లో ప్రచురించిన మరో ప్రయోగంలో, వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, పనితీరులో తేడా రాలేదు. రాజీనామాలు ముఖ్యంగా మహిళల్లో, దూర ప్రయాణం చేసేవారిలో తగ్గాయి. ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ తిరిగేవారికి దీని కారణం వివరించనక్కరలేదు.

అపోహ: ఇంట్లో జరిగినదానికి ఆఫీసు చట్టాలు వర్తించవు.

వాస్తవం: మహిళలపై పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులను నిరోధించే 2013 నాటి చట్టంలో పని ప్రదేశం నిర్వచనంలోనే నివాస గృహం కూడా ఉంది. వీడియో కాల్‌లోనో ఆఫీసు చాట్‌లోనో జరిగిన వేధింపుపై అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, సాధారణంగా మూడు నెలల లోపు చేయాలి.

అపోహ: మహిళలకు ఇంటి నుంచి పని ఒక వరం.

వాస్తవం: ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో, పని స్వభావం అనుకూలిస్తే, సెలవు ముగిశాక పరస్పర అంగీకారంతో ఇంటి నుంచి పనిచేసే వీలు వచ్చింది. ఆ వీలు లేకపోయి ఉంటే ఉద్యోగం మానేసి ఉండేవారు నాకు చాలామంది తెలుసు. అయితే “ఇంట్లోనే ఉన్నావు కదా” అన్న మాటతో వంట, పిల్లల చదువు, పెద్దల మందులు అన్నీ ఆమె పని గంటల్లోకే వచ్చి చేరతాయి. రాజీనామా చేసి వెళ్లేముందు జరిపే సంభాషణల్లో ఈ మాట నాకు పదే పదే వినిపించింది. ప్రమోషన్ల సమయంలో కళ్లెదుట ఉన్నవారి పేరే మేనేజర్‌కు ముందు గుర్తొస్తుంది. సీట్రిప్ మొదటి ప్రయోగంలో కూడా సమానమైన పనితీరు చూపినప్పటికీ ఇంటి నుంచి పనిచేసినవారికి ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. అందుకే మేము అప్రైజల్ పట్టికల నుంచి ఉద్యోగి ఎక్కడి నుంచి పనిచేస్తున్నారన్న గడిని తొలగించాము. ప్రమోషన్ల జాబితా సిద్ధమయ్యాక ఆ సమాచారంతో దాన్ని పోల్చి చూస్తాము. ఇంటి నుంచి పనిచేసేవారి వాటా తక్కువగా కనిపిస్తే, జాబితాలో చేరని ప్రతి పేరుకూ మేనేజర్ లిఖితపూర్వకంగా కారణం చెప్పేవరకు ఆ జాబితా నా బల్ల దాటి వెళ్లదు.