డిటెక్టివ్ కథలు: కోనసీమలో నాకు ఎదురయ్యే అపోహలు

డిటెక్టివ్ కథలు రాస్తానని తెలిస్తే చాలు, అమలాపురంలో ఏ పెళ్లికెళ్లినా పక్క కుర్చీలోంచి ఏదో ఒక తీర్పు వచ్చి పడుతుంది. ఎక్కువగా వినేవి ఇవి.

అపోహ: ఇలాంటి కథలు పట్నంలోనే నడుస్తాయి. మన పల్లెల్లో ఏముందండీ?

వాస్తవం: అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ ఉండేది సెయింట్ మేరీ మీడ్ అనే చిన్న పల్లెలో. పెళ్లి చేసుకోని పెద్దావిడ. చేతిలో ఊలు అల్లిక, కన్ను మాత్రం వీధి మీద. అనుమానితుణ్ణి చూడగానే ఆవిడకి తన ఊళ్లోనే ఎవరో ఒకరు గుర్తొస్తారు. వాళ్లు చేసిన చిల్లర మోసంలోంచి ఈ పెద్ద నేరం గుట్టు లాగుతుంది. మన అరుగుల మీద మామ్మగార్లు చేసేదీ ఇదే కదా!

ఆధారాలకా, మనకి కరువు లేదు. రబీ అయ్యాక వేసవిలో కాలువలకి నీళ్లు కట్టేస్తారు. మే నెలలో శవం కాలువ నీళ్లలో కొట్టుకొచ్చి లాకుల దగ్గర ఆగిందని రచయిత రాస్తే, ఇక్కడి పాఠకుడు పుస్తకం అక్కడే మూసేస్తాడు. అదే ముక్క కథలో సాక్షి చేత చెప్పించండి. వాడు అబద్ధమాడుతున్నాడని డిటెక్టివ్‌కి నిమిషంలో తెలిసిపోతుంది. గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది దగ్గరైతే, సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎగదన్నే మంచి పోటు మీద పడవ దానంతటదే సముద్రం వైపు కొట్టుకుపోయిందన్నవాణ్ణి కాస్త కూర్చోబెట్టి అడగాల్సిందే. వీటికి భూతద్దం అక్కర్లేదు.

అపోహ: "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" (ఇది చాలా తేలిక, వాట్సన్) అనేది డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ తన మిత్రుడితో అనే ఊతపదం.

వాస్తవం: కానన్ డాయిల్ రాసిన 4 హోమ్స్ నవలల్లో, 56 కథల్లో ఎక్కడా ఈ వాక్యం ఈ రూపంలో లేదు.

అపోహ: చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఇన్‌స్పెక్టర్ ముందు హంతకుడి చేత ఒప్పిస్తే కేసు అయిపోయినట్టే.

వాస్తవం: అగాథా క్రిస్టీ మరో డిటెక్టివ్ పాయిరో కథల్లో ఆ సీను నాకూ ఇష్టమే. కానీ మన చట్టంలో పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం నిందితుడి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్ అదే చెప్పింది, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. అయితే కస్టడీలో ఉన్నవాడు చెప్పిన సమాచారంతో కత్తి దొరికితే, దాన్ని దొరికించిన మేరకు ఆ మాట పనికొస్తుంది. అందుకే నా హంతకులు ఒప్పుకుని ఊరుకోరు. కత్తి ఏ రేవులో విసిరారో కూడా చెబుతారు.

అపోహ: బుర్ర పదునైతే చాలు, డిటెక్టివ్ గుర్తుండిపోతాడు.

వాస్తవం: ఉత్త బుర్ర బోరు కొడుతుంది. 1887లో వచ్చిన తొలి నవలలోనే హోమ్స్‌కి భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న సంగతి తెలియదు. వాట్సన్ తెల్లబోతాడు, మనకి ముచ్చటేస్తుంది. పాయిరో అయితే గోడకి పటం కాస్త వంకరగా ఉన్నా ఓర్చుకోలేడు. పక్కనుండేవాడూ అంతే ముఖ్యం. తెలుగు డిటెక్టివ్ నవలల రచయిత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌కి రాజు అనే అసిస్టెంటు ఉన్నాడు. మనకొచ్చే సందేహాలు అడగడానికి అలాంటి మనిషొకడు లేకపోతే డిటెక్టివ్ తనలో తానే మాట్లాడుకోవాలి, అది రాయడం మహా కష్టం.