సెల్ఫ్ తిరుగుతుంది, బండి స్టార్ట్ కాదు

పాత కారున్న ఇంట్లో ఏదో ఒక పొద్దున ఈ టెన్షన్ తప్పదు. కీ తిప్పితే సెల్ఫ్ కొడుతుంది, ఇంజన్ తిరుగుతుంది, కానీ అందుకోదు. మళ్లీ తిప్పినా అంతే. అక్కడి నుంచి చాలామంది చేసేది ఒకటే. ముందు సిలిండర్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు మారుస్తారు, తర్వాత వాటికి ఎక్కువ వోల్టేజీ అందించే కాయిల్, అప్పటికీ కాకపోతే పెట్రోల్‌ని గాలిలో కలిపే కార్బురేటర్ దింపుతారు. అలా మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట తగలొచ్చు. కానీ ఆపాటికి బాగున్న పార్టులకు కూడా డబ్బు పోసి ఉంటారు, అసలు కారణం మాత్రం తెలియకుండానే మిగిలిపోతుంది. స్టార్ట్ కాని ఇంజన్ తన బాధేమిటో దాదాపు ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. కాసేపు చెవి పెట్టి వినాలి, ఒక్క ప్లగ్గు ఊడదీసి చూడాలి.

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800నే తీసుకుందాం. 796 సీసీ, మూడు సిలిండర్లు, పాత మోడళ్లలో కార్బురేటర్. ఇక్కడ చెప్పే సంగతులు చాలావరకు అంబాసిడర్‌కూ ప్రీమియర్ పద్మినికీ కూడా వర్తిస్తాయి. ఏ పెట్రోల్ ఇంజన్‌కైనా మూడు కావాలి: గాలిలో సరైన పాళ్లలో కలిసిన పెట్రోల్ ఆవిరి, దాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్, సరైన క్షణంలో ఒక నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లోపించిందో తేల్చుకోకుండా స్పానర్ పట్టుకోకూడదు.

మొదట శబ్దం వినండి. పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కిన ప్రతిసారీ సెల్ఫ్ మీద భారం పడుతుంది, దాటగానే తేలికవుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌ని సెల్ఫ్ తిప్పుతుంటే ఆ శబ్దంలో ఒక లయ ఉంటుంది. అది పోయి, ఏ భారమూ లేనట్టు ఒకే ధారగా, మామూలుకన్నా వేగంగా తిరుగుతుంటే కంప్రెషన్ లేదని అర్థం. చాలాసార్లు వాల్వులను ఇంజన్‌తో కలిపి నడిపే టైమింగ్ బెల్ట్ తెగి ఉంటుంది. ఇక సెల్ఫ్ కొట్టడం ఆపేయాలి, ఎందుకంటే కొన్ని ఇంజన్లలో కదలకుండా తెరుచుకుని నిలిచిన వాల్వులకు పిస్టన్ తగిలి అవి వంగిపోతాయి. ఒక్కో ప్లగ్గుకూ వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముక్కను రోటర్ అంటారు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ నుంచే అది తిరిగే ఇంజన్లలో దీన్ని రూఢి చేసుకోవడం తేలిక. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, ఒక్క క్షణం సెల్ఫ్ కొట్టించి చూడండి. రోటర్ కదలకపోతే అనుమానం దాదాపు నిజమే.

లయ బాగానే ఉందా? అయితే ఒక ప్లగ్గు ఊడదీయండి. నా లెక్కలో మొత్తం పరీక్షల్లో ఇంతకన్నా విలువైనది లేదు. కొన్నిసార్లు సెల్ఫ్ కొట్టాక తీసిన ప్లగ్గు మొన తడిగా ఉండి పెట్రోల్ వాసన గుప్పుమంటే, పెట్రోల్ సిలిండర్ దాకా వస్తోంది, మండడం లేదు. అప్పుడు చూడాల్సింది కరెంటు వైపు. మొన పొడిగా ఉంటే పెట్రోలే అందడం లేదు, కాయిల్ జోలికి ఇప్పుడే వెళ్లనక్కర్లేదు. వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోయింది. ఒక చిక్కుంది. చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) లాగి, యాక్సిలరేటర్ పదేపదే తొక్కితే బాగున్న బండిలో కూడా ప్లగ్గులు తడిసిపోతాయి. అలాంటప్పుడు చోక్ లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, వదిలి మళ్లీ మళ్లీ తొక్కకుండా ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. గాలి ఎక్కువగా వెళ్లి సిలిండర్ ఆరుతుంది. అప్పటికీ అందుకోకపోతేనే నిప్పురవ్వ మీద అనుమానం.

ఆ నిప్పురవ్వ కథ ఆసక్తికరమైనది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్గు సందులో రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఛార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన పద్ధతి 1910ల మొదట్లో కార్లలోకి వచ్చింది, పాయింట్ (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న స్విచ్) ఉన్న బండ్లన్నీ అదే నమ్ముకున్నాయి. పాయింట్ మూసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్ విడిపోగానే ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది, కాయిల్ రెండో చుట్టలో 10 నుంచి 20 వేల వోల్టులు పుడతాయి. పక్కనే ఉండే చిన్న కండెన్సర్ పాయింట్ దగ్గర మెరుపు రాకుండా చూస్తూ, క్షేత్రం వేగంగా కూలేట్టు చేస్తుంది. కండెన్సర్ పోతే పాయింట్ మాడిపోతుంది, రవ్వ పసుపు రంగులో నీరసంగా వస్తుంది. బయట పెట్టి చూసినప్పుడు రవ్వ కనిపించినంత మాత్రాన సరిపోదు. గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ రవ్వ దూకడానికి కావాల్సిన వోల్టేజీ పెరుగుతుంది. బయట దూకిన రవ్వ సిలిండర్ లోపల దూకకపోవచ్చు. నీలంగా, చిటపటమంటూ రావాలి. ఈ పరీక్ష చేసేటప్పుడు ప్లగ్గు లోహం ఇంజన్ బాడీకి గట్టిగా తగలాలి, దాన్ని చేత్తో పట్టుకోకూడదు, ప్లగ్గు రంధ్రం దగ్గర అసలే పెట్టకూడదు. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంటుంది.

బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ తిరుగుతోంది కదా అనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. సెల్ఫ్ ఒక్కటే వంద ఆంపియర్లకు పైగా లాగగలదు. బ్యాటరీ ముసలిదైనా, టెర్మినల్స్‌కి తెల్లటి పొడి పట్టినా, సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 8కి పడిపోవచ్చు. కాయిల్‌లో నిల్వ ఉండే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 12 వోల్టులు 8 అయితే కరెంటు మూడింట రెండు వంతులే పారుతుంది, శక్తి తొమ్మిదింట నాలుగు వంతులకు, అంటే సగానికన్నా తక్కువకు దిగిపోతుంది. ఇంజన్ తిరుగుతూనే ఉంటుంది, రవ్వ మాత్రం చాలదు. నలుగురు తోసి సెకండ్ గేర్‌లో క్లచ్ వదిలితే ఇదే బండి టక్కున అందుకోవడానికి కారణం కూడా ఇదే. తోసినప్పుడు సెల్ఫ్ లాగేది ఏమీ ఉండదు, ఉన్న వోల్టేజీ దాదాపు అంతా కాయిల్‌కే వెళ్తుంది. కాబట్టి తోస్తే స్టార్ట్ అయ్యే బండికి పెట్రోల్, కంప్రెషన్ బాగానే ఉన్నట్టు. ముందు బ్యాటరీ, కేబుళ్లు, సెల్ఫ్ చూపించండి, కార్బురేటర్‌ని వదిలేయండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ సుమారు 9.6 వోల్టుల కన్నా కిందికి దిగకూడదు.

వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల చెమ్మ పడితే కరెంటు ప్లగ్గుకు వెళ్లకుండా ఆ తడి దారినే జారిపోతుంది. పొడిగుడ్డతో తుడవండి. క్యాప్ లోపల పెన్సిల్ గీతలాంటి నల్లటి చార కనిపిస్తే క్యాప్ మార్చాల్సిందే.

ఇప్పుడు పొడి ప్లగ్గు సంగతి. ఇంజన్ ఆపి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే కదిలే మీట) ఒకసారి లాగండి. సన్నటి పెట్రోల్ ధార చిమ్మాలి. చిమ్మకపోతే కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గది ఖాళీ, అంటే లోపం ఫిల్టర్‌లోనో, పైపులోనో, మెకానిక్‌లు ఏసీ పంపు అని పిలిచే ఫ్యూయల్ పంపులోనో ఉంది. ఈ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాంతోపాటే వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం రామగుండంలోనో విజయవాడలోనో కాసేపు ఆపిన పాత కారు మళ్లీ స్టార్ట్ కాకపోవడం వెనుక ఉన్నది తరచుగా ఇదే. పెట్రోల్ ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ కలిసిన మిశ్రమం. అందులో తేలికవి 40 డిగ్రీల దగ్గరలోనే మరగడం మొదలుపెడతాయి. పైగా పంపు లాగే వైపు ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత ఇంకా కిందికి దిగుతుంది. పైపులో ఆవిరి నిండుతుంది, పంపు ఆవిరిని నొక్కుతూ ఉండిపోతుంది, ద్రవం ముందుకు కదలదు. అంబాసిడర్ డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేది ఇందుకే. కుండలో నీళ్లు చల్లబడ్డట్టే, గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపు వేడిని లాక్కుంటుంది, లోపలి ఆవిరి మళ్లీ పెట్రోల్ అవుతుంది. ఇంత చక్కటి భౌతికశాస్త్రాన్ని ఆ డ్రైవర్లు రోడ్డు మీదే వాడారు, వాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

నెలల తరబడి కదలని బండికి ఇంకో సమస్య. తేలిక భాగాలు ఎగిరిపోయిన పెట్రోల్ చల్లటి ఇంజన్‌లో సరిగా ఆవిరి కాదు, ఆరిన జిగురు కార్బురేటర్‌లోని సన్నటి రంధ్రాలైన జెట్లను మూసేస్తుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ మన దేశంలో 2023లో మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, పంపు ముందుగా లాగేది ఆ అడుగునుంచే. గాజు సీసాలో కొంచెం పట్టి కాసేపు ఉంచితే రెండు పొరలు కంటికే కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు ఖాళీ చేయడమే దారి.

ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే పద్ధతి) వచ్చిన తర్వాతి మోడళ్లలో కార్బురేటర్ లేదు, పంపు సాధారణంగా ట్యాంకులోనే ఉంటుంది. వాటిలో సెల్ఫ్ కొట్టకముందే ఒక పరీక్ష ఉంది. కీ ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు సన్నటి రొద వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత రిలే, అవి రెండూ బాగుంటేనే పంపు. చెక్ ఇంజన్ లైటు కూడా వెలగకపోతే బహుశా ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్‌కే కరెంటు అందడం లేదు, అప్పుడు వైరింగ్ నుంచి మొదలుపెట్టాలి.