సైన్స్ ఫిక్షన్ రాయడం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సైన్స్ ఫిక్షన్ రాస్తానని తెలియగానే చాలామంది నన్ను ఒకటే అడుగుతారు: మరో యాభై ఏళ్ళకు ప్రపంచం ఎలా ఉంటుంది? నాకు తెలియదు. తెలియకపోవడం నా పనికి అడ్డమూ కాదు. ఈ ప్రక్రియ మీద ఇంత ప్రేమ ఉన్నవాడిగా, దాని చుట్టూ పేరుకున్న కొన్ని నమ్మకాల గురించి మాట్లాడాలని ఉంది.

అపోహ: సైన్స్ ఫిక్షన్ రచయిత భవిష్యత్తును ముందే చెబుతాడు.

వాస్తవం: ఇందుకు అందరూ చూపే ఉదాహరణ ఆర్థర్ సి. క్లార్క్. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున మూడు ఉపగ్రహాలను నిలిపితే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని ఆయన 1945లోనే రాశారు. అయితే అది కథ కాదు, సాంకేతిక పత్రికకు లెక్కలు కట్టి రాసిన వ్యాసం. కథల సంగతి వేరు. 1950ల నాటి కొన్ని కథల్లో నక్షత్రాల దాకా వెళ్ళే వ్యోమగాములు దారి లెక్కలను స్లైడ్ రూలుతో, అంటే కాలిక్యులేటర్లు రాకముందు వాడిన జరిపే కొలబద్దతో వేసుకుంటారు! జేబులో పట్టే కంప్యూటర్ ఆ రచయితల ఊహకు అందలేదు. అయినా వాటిలో మంచివి నేటికీ చదివిస్తాయి. అణుబాంబు నీడలో బతికిన మనుషుల భయం వాటిలో ఉంది.

అపోహ: ఊహే కదా, ఏదైనా రాసేయవచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. సైన్స్ గీసిన హద్దే చాలాసార్లు కథను పుట్టిస్తుంది. భూమికీ అంగారకుడికీ మధ్య దూరాన్ని బట్టి రేడియో సంకేతం చేరడానికి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంగారకుడి మీద పనిచేసే ఒక తల్లిని, భూమి మీద జ్వరంతో పడుకున్న ఆమె కొడుకును ఊహించండి. రెండు గ్రహాలూ బాగా దూరంగా ఉన్న రోజులవి. "జ్వరం తగ్గిందా?" అన్న ప్రశ్న చేరడానికి 20 నిమిషాలు, జవాబు రావడానికి మరో 20. ఆమె చెవిన పడేసరికి అది పాత కబురు.

ఈ ఒక్క లెక్క ముందు పెట్టుకుంటే సంభాషణ రాసే తీరే మారిపోతుంది. మాటకు మాట కుదరదు. ఆ తల్లి విసుక్కుని ఒక మాట అంటుంది, మరుక్షణమే నొచ్చుకుంటుంది. ఆ మాట ఇంకా దారిలోనే ఉంటుంది, వెనక్కి పిలవడం కుదరదు. కొన్నాళ్ళకు ప్రశ్నలు అడగడం మానేసి, ఉత్తరం రాసినట్టు తన రోజంతా చెప్పడం మొదలుపెడుతుంది. మాటను క్షణంలో చేరవేసే యంత్రాన్ని కల్పించి ఈ ఆలస్యాన్ని తీసేయడం ఒక్క వాక్యం పని. తీసేస్తే ఆ తల్లి మనసును చూసే దారి మూసుకుపోతుంది.

హద్దు దాటకూడదని కాదు. కాలప్రయాణం లాంటి ఒక అసాధ్యాన్ని పాఠకుడు ఇష్టంగానే ఒప్పుకుంటాడు. పాత్ర ఇరుకున పడ్డప్పుడల్లా ఇంకొకటి కల్పిస్తే మాత్రం నమ్మడు, నమ్మనవసరం లేదు కూడా.

అపోహ: సైన్స్ పట్టా ఉండాలి, ప్రతి యంత్రం ఎలా పనిచేస్తుందో వివరించాలి.

వాస్తవం: మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' మొదలుపెట్టింది 1816లో, 18 ఏళ్ళ వయసులో. 1818లో అచ్చయిన ఆ నవలలో, జీవంలేని దేహానికి ప్రాణం ఎలా పోశాడో కథానాయకుడు విక్టర్ చెప్పడు. అడిగినా చెప్పనంటాడు. పుట్టించినవాడే వదిలేస్తే ఆ ప్రాణి గతి ఏమిటన్నదే ఆమె పట్టుకున్న ప్రశ్న. పట్టా కన్నా తెలిసినవారిని అడిగే ఓపిక, గుణకారాలు చేసే ఓపిక కావాలి. కట్టిన లెక్కల్లో పదోవంతు కూడా కథలోకి రాకపోయినా నష్టం లేదు.

అపోహ: ఇది పిల్లల కోసం రాసే సాహిత్యం.

వాస్తవం: పిల్లలు ఇష్టపడతారు, సంతోషమే. పెద్దలు చదవనవసరం లేదని అందులో ఎక్కడా లేదు.

అపోహ: సైన్స్ ఇంత వేగంగా పరుగెడుతుంటే కథకుడికి ఇక మిగిలిందేమీ లేదు.

వాస్తవం: 1969లో మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టాడు. చంద్రుడి కథలు అంతటితో ఆగిపోలేదు. అక్కడ చాలాచోట్ల రాత్రి అంటే దాదాపు 14 భూదినాలు. సౌరఫలకాల నుంచి కరెంటు రాదు, చలి సున్నాకు వంద డిగ్రీలకు పైగా దిగువకు పోతుంది. బ్యాటరీల్లో దాచిన విద్యుత్తు ఒకే గదికి సరిపోతుందనుకుందాం. ఒకవైపు రోగి పడుకున్న గది, మరోవైపు అందరికీ గాలి శుద్ధిచేసే గది. కరెంటు ఏ గదికో తేల్చే మీట దగ్గర నిలబడే ఆమెను ఎవరు ఎన్నుకున్నారు? ఆ రోగి ఆమెకు ఏమవుతాడు? నేనిప్పుడు రాస్తున్నది ఆ కథే.