టైమింగ్ కవర్ విప్పే ముందు పిల్లలకు ఉత్తరం

చింతాద్రిపేట,
చెన్నై.

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

అంబాసిడర్ నిలిపిన చోట, ముందు వైపు, నేల మీద రోజూ ఆయిల్ మరక ఎందుకు పడుతోందని అడిగారు కదా. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. వచ్చే ఆదివారం దాని టైమింగ్ కవర్ విప్పబోతున్నాను, మీరందరూ వస్తామన్నారు. ఏం చూడబోతున్నారో ముందే తెలిస్తే ఆ రోజు మీకు కళ్లకు కనబడేది ఎక్కువ. అందుకే రాస్తున్నాను. పెద్దవాడు ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్‌లో చేరాడు కనక వాడికి పనికొచ్చే కొలతలు కూడా మధ్యలో వస్తాయి. చిన్నవాళ్లు వాటిని దాటేసి చదువుకోండి.

మన బండిది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. బ్రిటన్‌లో బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్లు బీ సిరీస్ అని తయారుచేసిన ఇంజన్‌నే మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ చేసింది. 2014లో బెంగాల్ ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది గానీ, ఒక మెకానిక్ చేతికి పని నేర్పడానికి ఇంతకంటే మంచి ఇంజన్ నాకు కనబడలేదు. బానెట్ ఎత్తితే చుట్టూ చెయ్యి పెట్టేంత చోటు ఉంటుంది. ఏ భాగం ఎందుకుందో చూస్తేనే తెలుస్తుంది.

ఈ ఇంజన్‌కి ముందు వైపు, ఫ్యాన్ వెనక, రేకుతో చేసిన మూత ఒకటుంది. అదే టైమింగ్ కవర్. దాని లోపల రెండు పళ్లచక్రాలు, వాటిని కలుపుతూ ఒక గొలుసు. కింది చక్రం క్రాంక్ షాఫ్ట్‌ది, పైది క్యామ్ షాఫ్ట్‌ది. పిస్టన్లు క్రాంక్‌ను తిప్పుతాయి. క్యామ్ వాల్వులను, అంటే పెట్రోల్ కలిసిన గాలి లోపలికి, పొగ బయటికి పోయే తలుపులను, తెరుస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టే తిరగాలి, కాబట్టి పై చక్రానికి పళ్లు రెట్టింపు. ఈ లెక్క ఒక్క పన్ను జరిగినా వాల్వులు తెరుచుకునే వేళ మారిపోయి, బండి లాగదు, సరిగా స్టార్ట్ కాదు.

గొలుసుకి ఎప్పుడూ ఆయిల్ అందుతూ ఉండాలి. అంటే ఆ కవర్ లోపలంతా ఆయిల్ చిమ్ముతూనే ఉంటుంది. ఇటు చూస్తే క్రాంక్ షాఫ్ట్ కొస కవర్‌లోంచి బయటికి పొడుచుకుని రావాలి, ఎందుకంటే ఫ్యాన్ బెల్టు తిప్పే పుల్లీ దానికే బిగించి ఉంటుంది. కవర్ కదలదు, పుల్లీ నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. రెండిటి మధ్య ఖాళీ ఉండక తప్పదు. ఆ ఖాళీలోంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఆయిల్ సీల్. పాత కవర్లలో అది ఫెల్ట్‌తో, అంటే ఒత్తిన ఉన్ని గుడ్డతో, చేసిన రింగు, తర్వాతి వాటిలో రబ్బరు సీల్.

మారుతి 800 లాంటి బండ్లలో గొలుసు బదులు పళ్లున్న రబ్బరు బెల్టు ఉంటుంది. దానికి ఆయిల్ తగలకూడదు, తగిలితే రబ్బరు పాడవుతుంది. కాబట్టి ఆ కవర్ దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా కాపాడేదే తప్ప ఆయిల్‌ని ఆపేది కాదు. ఒకటి తడి కవర్, ఒకటి పొడి కవర్. నేను చెప్పేదంతా తడి కవర్ గురించి.

ఇక మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. కవర్ ఎక్కడ కూర్చోవాలో చెప్పేది దాని బోల్టులు కాదు, పుల్లీ. కవర్‌కున్న బోల్టు రంధ్రాలు బోల్టుల కన్నా కొద్దిగా పెద్దవి. బోల్టులు వదులుగా పెట్టి కవర్‌ని చేత్తో కదిపి చూడండి, అటూ ఇటూ కాస్త జరుగుతుంది. ఆ కాస్తే సీల్ ప్రాణం తీస్తుంది. కవర్‌ని ముందే గట్టిగా బిగించేసి, ఆ తర్వాత పుల్లీని లోపలికి తోస్తే, సీల్ ఒక పక్క పుల్లీని నొక్కేస్తుంది, ఇంకో పక్క వదులైపోతుంది. మణికట్టు మీద గాజు ఒక వైపుకి వాలితే రెండో వైపు సందు కనబడుతుందే, అలా. నొక్కుకున్న వైపు రబ్బరు అరుగుతుంది, సందున్న వైపు ఆయిల్ కారుతుంది. కొత్త సీల్ వేయించినా వారం తిరక్కుండా మళ్లీ కారుతోందని వచ్చే బండ్లలో చాలా వాటికి రోగం ఇదే. సీల్‌ని తిట్టుకుంటారు, దాని తప్పేమీ ఉండదు.

అయితే మరక కనబడగానే కవర్ మీద పడకూడదు. ఆయిల్ కారే చోటు వేరు, చుక్క పడే చోటు వేరు. బండి పోతుంటే గాలి దాన్ని వెనక్కి నెడుతుంది, పుల్లీ దాన్ని చుట్టూ చిమ్ముతుంది. ముందు ఆ భాగమంతా కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, కాస్త టాల్కం పౌడర్ చల్లి, ఇంజన్ కొంతసేపు నడిపి ఆపేసి చూడాలి. తెల్లటి పౌడర్ మీద తడి ఎక్కడ మొదలైందో అక్కడే అసలు లీకు. నేను అలా చూశాకే కవర్ విప్పాలని నిర్ణయించాను. పుల్లీ చుట్టూనే తడి ఉంది.

బ్రీదర్ కూడా చూడాలి. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కిందికి దిగి ఇంజన్ లోపల చేరుతూ ఉంటుంది. అది పోవడానికి దారి బ్రీదర్. ఆ దారి మడ్డితో పూడుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడనుంచి ఆయిల్‌ని తోసేస్తుంది. అప్పుడు ఎంత మంచి సీలైనా ఆగదు. మన బండి బ్రీదర్ మొన్ననే విప్పి కడిగాను, శుభ్రంగానే ఉంది.

ఆదివారం పని ఇలా మొదలవుతుంది. బ్యాటరీ ఎర్త్ కేబుల్ తీస్తాం. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాకే రేడియేటర్ నీళ్లు వదులుతాం. అందులో కూలెంట్ కలిసి ఉంది, అది విషం, తియ్యగా ఉంటుంది కనక వీధి కుక్కలు నాకేస్తాయి. టబ్బులో పట్టి మూత పెట్టాలి, కాలవలో పోయకూడదు. ఈ పని చిన్నదాని మీద పెడుతున్నాను, దానికి కుక్కలంటే ప్రాణం. రేడియేటర్, ఫ్యాన్, బెల్టు తీసేస్తే పుల్లీ ఎదురుగా వస్తుంది.

పుల్లీ మధ్యలో పెద్ద నట్టు ఉంటుంది. హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేసే రోజుల్లో ఆ హ్యాండిల్ పట్టుకునేది దాన్నే. అది వదులు కాకుండా వెనక ఒక లాక్ వాషర్ చెవి మడిచి ఉంటుంది. ముందు ఆ చెవిని సన్నటి ఉలితో నిదానంగా వెనక్కి లేపాలి. ఇంజన్ తిరగకుండా బండిని టాప్ గేర్‌లో వేసి హ్యాండ్ బ్రేక్ లాగుతాం. నట్టు వచ్చాక పుల్లీని పుల్లర్‌తోనే లాగాలి. సుత్తితో అంచు మీద కొడితే అంచు వంగుతుంది, ఆ తర్వాత బెల్టు ఎప్పటికీ సూటిగా నడవదు. పుల్లీ వచ్చినప్పుడు షాఫ్ట్ మీద అర్ధచంద్రాకారంలో చిన్న ఉక్కు ముక్క కనబడుతుంది. అదే కీ. పుల్లీ షాఫ్ట్ మీద జారకుండా పట్టుకునేది అదే. జారి పడిందంటే సందుల్లో వెతుక్కోవాలి, ముందే తీసి డబ్బాలో వేసేయండి.

కవర్ బోల్టులు రెండు సైజులవి, పావు అంగుళం, 5/16 అంగుళం. వాటికి పట్టేవి 7/16, అర అంగుళం స్పానర్లు. పెద్దోడా, ఇది నీకు: అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు స్పానర్ పట్టినట్టే ఉంటుంది, బిగుసుకున్న బోల్టు మీద బలం పెట్టేసరికి జారి తల మూలలు అరగ్గొడుతుంది. మెట్రిక్ సెట్టు ఈ బండి దగ్గరికి తేవద్దు. ఒక అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, బోల్టు ఉన్న ప్రతి చోటా కన్నం పొడిచి, తీసిన బోల్టుని దాని వాషర్‌తో సహా ఆ కన్నంలోనే గుచ్చుకుంటూ పోదాం. ఆ అట్ట పట్టుకునే పని రెండోవాడిది.

కవర్ ఊడాక లోపల గొలుసు కనబడుతుంది. అప్పుడు ఎవరూ ఏదీ తిప్పకండి. రెండు చక్రాల మీదా ఒక్కో చుక్క గుర్తు ఉంటుంది. గొలుసు ఎక్కించేటప్పుడు ఆ రెండు చుక్కలూ ఒకదానికొకటి ఎదురెదురుగా రావాలి. ఆదివారం గొలుసు తీయం, అది బిగువుగానే ఉంది, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు గలగల శబ్దం కూడా రావట్లేదు. కానీ చుక్కలు ఎక్కడున్నాయో మీ కళ్లతో చూసి వెళ్లాలని నా కోరిక.

తరువాత చాలాసేపు శుభ్రం చేయడమే. కవర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే కాగితం పొరే గాస్కెట్. పాత గాస్కెట్‌ని మొండి అంచున్న గీకుడు పలకతో తీయాలి. పదునైనది వాడితే లోహం మీద గీత పడుతుంది, ఆ గీతే ఆయిల్‌కి దారి. గీకే ముందు, ఆయిల్ ఇంజన్ అడుగు తొట్టిలోకి (సంప్‌లోకి) దిగే దారిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి, గాస్కెట్ ముక్క ఒక్కటి కూడా లోపల పడకూడదు. ఇక కవర్‌ని గాజుపలక మీద బోర్లించి చూడండి. బోల్టు రంధ్రాల చుట్టూ రేకు గుంటపడి, మధ్యలో ఎత్తుగా నిలిచి ఉంటుంది. గట్టిగా బిగిస్తే కారదనుకుని ఎవరో బిగించిన గుర్తు అది. రంధ్రం దగ్గర నొక్కుకుపోయిన రేకు రెండు బోల్టుల మధ్య గాస్కెట్‌ని వదిలేస్తుంది. చెక్క దిమ్మ మీద పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ, మళ్లీ మళ్లీ గాజు మీద పెట్టి చూస్తూ చదును చేయాలి. ఈ పని చేస్తున్నంతసేపూ నాకు టైము తెలియదు, మీకు విసుగొస్తే చెప్పండి.

పుల్లీ మెడని, అంటే సీల్ తిరిగే చోటుని, గోటితో అడ్డంగా గీసి చూడండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ సీల్ గాడి కోసిందన్నమాట. తేలికైన గాడైతే సన్నటి ఎమరీ పేపర్‌తో పోతుంది. లోతుగా ఉంటే పుల్లీ మార్చాలి, లేదా మెడకి పల్చటి ఉక్కు తొడుగు ఎక్కించాలి. పుదుప్పేటలో పాత పుల్లీలు దొరుకుతాయి. కొనేముందు అక్కడే ఈ గోటి పరీక్ష చేయాలి.

సీల్ వేసేటప్పుడు రబ్బరుదైతే స్ప్రింగ్ ఉన్న పెదవి లోపలికి, ఆయిల్ వైపుకి ఉండాలి. ఫెల్ట్ అయితే ఇంజన్ ఆయిల్‌లో బాగా నాననిచ్చి మడత పడకుండా కూర్చోబెట్టాలి. దానికంటే ముందు క్రాంక్ కొస మీద పళ్లెంలాంటి రేకు ఒకటి ఎక్కుతుంది, ఆయిల్ త్రోయర్. సీల్ దాకా రాకముందే ఆయిల్‌ని చుట్టూ విసిరేయడం దాని పని. పాత రకానికి గుంట వైపు బయటికి ఉండాలి, తర్వాతి రకానికి ఎఫ్ అని గుర్తున్న వైపు బయటికి ఉండాలి. పాత రకం త్రోయర్‌కి పాత రకం కవరే జత. పాత సామాన్లు కొనేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు బిగింపు. గాస్కెట్‌కి పల్చగా అంటించే మందు రాసి, కవర్ పెట్టి, బోల్టులన్నీ వేళ్లతో తిప్పి వదిలేస్తాం. పుల్లీ మెడకి ఆయిల్ రాస్తాం. కీ ఎదురుగా గాడి వచ్చేలా చూసి, పుల్లీని మెల్లగా లోపలికి తోస్తాం. అది లోపలికి పోతున్నకొద్దీ కవర్ తనంతట తాను కాస్త జరిగి సర్దుకోవడం మీ చేతికి తెలుస్తుంది. మీ అందరినీ ఒక్కొక్కరిగా ఆ క్షణంలో కవర్ మీద చెయ్యి పెట్టమంటాను. అది సర్దుకున్నాకే స్పానర్ పట్టాలి. ఒక బోల్టు, దానికి ఎదురు బోల్టు, మళ్లీ పక్కది, కొంచెం కొంచెంగా. పెద్ద బలం అక్కర్లేదు. మామూలు 6 మిల్లీమీటర్ల బోల్టుకి సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు, అంటే 10 సెంటీమీటర్ల స్పానర్ చివర 10 కిలోల బరువు వేలాడదీసినంత. మన పావు అంగుళం బోల్టులకి అంతకన్నా కాస్త తక్కువే. పుల్లీ నట్టు గట్టిగా బిగించి, లాక్ వాషర్ చెవి మళ్లీ మడిచేయాలి.

ఇప్పటి చాలా కార్లలో కవర్ అల్యూమినియంది, కాగితం గాస్కెట్ ఉండదు, సీలెంట్ పూస వేసి అతికిస్తారు. పెద్దోడికి చేతికొచ్చేది ఎక్కువగా అదే. మన ఊరి అనాబాండ్ సిలికాన్ సీలెంట్ ట్యూబు ఏ షాపులోనైనా దొరుకుతుంది. పూస సన్నగా, ఎక్కడా తెగకుండా వేయాలి. లావుగా వేస్తే పిండినదంతా లోపలికి వచ్చి, తెగిపడి, ఆయిల్ పంపు పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. ఆయిల్ అందక ఇంజనే పోతుంది. ఈ సిలికాన్ గాలిలో తేమతో గట్టిపడే సరుకు. చెన్నై గాలికి తొందరగా పొర కట్టేస్తుంది, కాబట్టి పూస వేశాక మాటల్లో పడకుండా వెంటనే కవర్ పెట్టేయాలి. ఇంజన్ పై భాగమైన హెడ్డూ, కింది భాగమైన బ్లాకూ, కవరూ మూడూ కలిసే మూలలో మాత్రం ఒక బొట్టు ఎక్కువ వేయండి, అతుకు మీద అతుకు వచ్చే చోటది.

అన్నీ ఎక్కించి, నీళ్లు నింపి, ఆయిల్ మట్టం చూసి స్టార్ట్ చేస్తాం. తిరిగే ఫ్యాన్ దగ్గరికి చున్నీలు, వేలాడే చేతులు రానివ్వకండి. ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, ఆపి, టార్చ్‌తో పుల్లీ వెనక చూస్తాం. రాత్రికి కింద తెల్ల కాగితం పరిచి ఉంచుతాను, పొద్దున దాని ఫొటో మీకు పంపిస్తాను.

పొద్దున ఏడింటికల్లా వచ్చేయండి, ఎండెక్కేలోపు రేడియేటర్ దించేయాలి. చెప్పులతో రావద్దు, బూట్లు వేసుకోండి. గాస్కెట్, సీల్ శనివారమే జీపీ రోడ్డులో కొని ఉంచుతాను. మీ ఇళ్లలో చిరిగిన నూలు బనియన్లుంటే నాలుగు పట్టుకురండి, తుడవడానికి వాటిని మించినవి లేవు. మధ్యాహ్నం భోజనానికి అమ్మమ్మ గోంగూర చేస్తానంది.

ఇట్లు,
మీ తాతయ్య