సంక్రాంతి నాడు రోహిణి కార్తె

2025 సంక్రాంతికి అంబాజీపేట దగ్గర అక్కావాళ్ల ఇంటికి వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ టీవీ కింద సొరుగులో ఏదో వెతుకుతూ, పాత రిమోట్ల అడుగు నుంచి ఒక నల్ల పెట్టె బయటికి తీశాడు. ఒకప్పుడు కారు అద్దానికి రబ్బరు కప్పుతో అతికించుకున్న జీపీఎస్.

"పన్నెండు వేలు పోసి కొన్నారా. పారేద్దామంటే చేతులు రావట్లేదు. దీంట్లో వేరే మ్యాపేదో ఎక్కించొచ్చంటగా?"

"ఫోనుందిగా బావా."

"ఫోను ఎండకి పెనంలా కాలిపోద్ది. దారి చూసుకుంటుంటే మీ అక్క ఫోను చేస్తది. పైగా లంకల్లో సిగ్నలెక్కడ?"

మూడూ నిజమే. ఫోనులో మ్యాపుని ముందే దింపుకుంటే సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుందని చెప్పబోయి ఆగాను. పెట్టె విప్పి చూడాలని నాకూ ఉంది మరి.

కారు చార్జరు తగిలించి, కారు పైన కొబ్బరి నీడ పడని చోట పెట్టాం. ఏళ్ల తరబడి సొరుగులో ఉంది కదా, ఏ ఉపగ్రహం ఎక్కడుందో దానికి గుర్తు లేదు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సెకనుకి 50 బిట్ల (సున్నా లేదా ఒకటి, అదే బిట్టు) చొప్పున సమాచారం పంపిస్తాయి. ఈ రోజుల్లో అది నత్తనడకే. ఒక ఉపగ్రహం తన సొంత కక్ష్య వివరాలను అర నిమిషంలో చెప్పేస్తుంది కానీ, మొత్తం ఉపగ్రహాల పట్టిక వినాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. మేం టీ తాగి వచ్చేసరికి పెట్టెకి తెలివొచ్చింది. టైము సెకన్లతో సహా సరిగ్గా ఉంది. తేదీ మాత్రం 31-05-2005, మంగళవారం.

బయట గొబ్బెమ్మలు, గంగిరెద్దులు. పెట్టెలో రోహిణి కార్తె.

తమాషా ఏమిటంటే ఆ రోజు నిజంగానే మంగళవారం. జీపీఎస్ వ్యవస్థ 1980 జనవరి 6 నుంచి వారాలు లెక్కపెడుతోంది. పాత సిగ్నల్‌లో ఆ లెక్కకి ఇచ్చింది పది బిట్లే. పది బిట్లలో 0 నుంచి 1023 వరకే పడుతుంది. ఆ తర్వాత స్కూటరు మీటరులా మళ్లీ సున్నా. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి తిరిగింది. ఎన్నో చుట్టు నడుస్తోందో ఉపగ్రహం చెప్పదు, పెట్టెలోని ప్రోగ్రామే ఊహించుకోవాలి. ఊహ తప్పితే తేదీ సరిగ్గా 1024 వారాలు, అంటే 7,168 రోజులు వెనక్కి పోతుంది. పోయేవి నిండు వారాలే కనుక మంగళవారం మంగళవారంగానే ఉంటుంది. కొత్త తరహా సిగ్నల్‌లో ఈ లెక్కకి 13 బిట్లు ఇచ్చారు. దాంతో 157 ఏళ్ల దాకా ఈ బెడద లేదు కానీ, మా బావ పెట్టెకి ఆ భాష రాదు.

తేదీ తప్పితే చోటు కూడా తప్పుతుందేమోనని బావకి టెన్షన్. చోటేమీ తప్పదు. చోటు కట్టడానికి కావలసింది వారంలో ఇప్పుడు ఎన్నో సెకను అన్నది, అది సరిగ్గానే వస్తోంది. తేడా కొట్టింది ఇంకో చోట. చీకటి పడగానే తెర నల్లరంగుకి మారాలి. సూర్యాస్తమయాన్ని ప్రోగ్రాం తేదీని బట్టి లెక్క కడుతుంది. మే నెలాఖరులో మన దగ్గర పొద్దు ఆరున్నరకి గుంకుతుంది, సంక్రాంతికి ఆరు కాకముందే గుంకుతుంది. దాంతో చీకటి పడ్డాక కూడా ముప్పావు గంట పాటు ఆ తెర పగటి వెలుగుతో కళ్లలోకి కొట్టింది.

ఇలాంటి పెట్టెలో మూడు వేర్వేరు సంగతులుంటాయి. సిగ్నల్ వినే చెవి ఒకటి, దారి వెతికే బుర్ర ఒకటి, ఊళ్లూ రోడ్లూ రాసుకున్న పుస్తకం ఒకటి. పాతబడిపోయింది అని మనం పారేసేవాటిలో చాలావాటికి చెవి భేషుగ్గా ఉంటుంది. ముందు చచ్చిపోయేది పుస్తకం. బావ పెట్టెలో వాళ్లింటి ముందు సిమెంటు రోడ్డే లేదు, కారు వరిచేలో పడి పోతున్నట్టు చూపించేది. మ్యాపులిచ్చిన వాళ్లు కొత్తవి ఇవ్వడం ఎప్పుడో మానేశారు.

పుస్తకం మార్చడం ఎంత తేలికన్నది పెట్టె రకాన్ని బట్టి ఉంటుంది. గార్మిన్ పాత పెట్టెలైతే ప్రోగ్రాం జోలికి పోనక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, ఎవరైనా దిద్దగల ఉచిత మ్యాపు సమాచారాన్ని వాటికి అర్థమయ్యే ఫైలుగా మార్చే ఉచిత ప్రోగ్రాములున్నాయి, ఆ ఫైలుని కార్డులో వేస్తే సరి. టామ్‌టామ్ పాత పెట్టెల లోపల లినక్స్ ఉంటుంది, వాటి కథ వేరు. బావది చవకరకం, విండోస్ సీఈ మీద నడిచేది. కంప్యూటరు విండోస్‌కి ఇది చిట్టి తమ్ముడు. ఈ రకంలో తెర మీద "నావిగేషన్" బొమ్మని నొక్కితే జరిగేది ఒక్కటే: ఫలానా ఫోల్డరులోని ఫలానా ఫైలుని నడిపించు. ఆ ఫైలు ఎక్కడుందో సెట్టింగుల్లో రాసి ఉంటుంది, దాన్ని మనమే మార్చొచ్చు. కొత్త ప్రోగ్రామని పెద్దగా చెప్పుకోవడమే కానీ, అసలు కిటుకు ఆ ఒక్క చిరునామా మార్చడమే.

బజారులో ఐదారు వందలు తీసుకుని ఎవరిదో డబ్బు పెట్టి కొనాల్సిన ప్రోగ్రాముని దొంగకాపీ ఎక్కించేవాళ్లున్నారు. నాకది నచ్చదు. నీతి మాట పక్కన పెట్టినా, ఆ మ్యాపు కూడా పాతదే అయి ఉంటుంది, మళ్లీ దిద్దుకునే వీలుండదు. మేం నావిట్ అనే ఉచిత ప్రోగ్రాం తీసుకున్నాం. అందంగా ఏమీ ఉండదు. దాన్ని మాట్లాడించడం నా వల్ల కాలేదు. కానీ దాని సెట్టింగులన్నీ ఒక మామూలు టెక్స్టు ఫైలులో ఉంటాయి, తెరిచి చదువుకోవచ్చు.

ముందు పెట్టెలో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఇది మానేసిన వాళ్లే తర్వాత ఏడుస్తారు. బావ కొత్త 64 జీబీ కార్డు తెచ్చాడు, పెట్టె దాన్ని కన్నెత్తి చూడలేదు. అంత పెద్ద కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్లు సర్దే పద్ధతిలో వస్తాయి, పాత పెట్టెకి ఫ్యాట్32 దాకానే తెలుసు. మేనల్లుడి పాత ఫోనులోంచి 4 జీబీ కార్డు పీకి పెడితే చదివింది.

ప్రోగ్రాం తెరుచుకుంది. మ్యాపు వచ్చింది. కారు గుర్తు మాత్రం కదల్లేదు.

చెవికీ బుర్రకీ మాట కలవకపోతే ఇలాగే అవుతుంది. రెంటి మధ్య ఒక తీగ లాంటి దారి ఉంటుంది, దాన్ని కామ్ పోర్టు అంటారు. దాని నంబరు తెలియాలి, దాని వేగమూ తెలియాలి. సెకనుకి 4,800 బిట్లా, 9,600లా, ఇంకా ఎక్కువా? చెప్పేవాడు ఒక వేగంతో చెబుతుంటే వినేవాడు ఇంకో వేగంతో లెక్కపెడితే కోలాటంలో తాళం తప్పినట్టే, కర్రకి కర్ర తగలదు. తెర నిండా పిచ్చి గుర్తులు వచ్చాయి. ఒక్కో నంబరూ, ఒక్కో వేగమూ మార్చి చూస్తూ పోతే ఏడో పోర్టు దగ్గర గుర్తులు మాయమై అక్షరాలు మొదలయ్యాయి. అందులో ఒక వరుస మధ్య ముక్క ఇది:

1636.0, ఎన్, 08157.0, ఈ

ఈ భాష పేరు ఎన్ఎమ్ఈఏ 0183. అమెరికాలో ఓడల మీది ఎలక్ట్రానిక్ పరికరాలవాళ్ల సంఘం పెట్టిన పద్ధతి. లోతు కొలిచే యంత్రమూ, దిక్సూచీ, తెరా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్నారు. కార్ల జీపీఎస్ కూడా ఆ పడవల భాషే మాట్లాడుతుంది. చుట్టూ రేవులూ, మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పంట్లూ ఉన్న ఊళ్లో కూర్చుని ఇది తెలుసుకోవడం నాకు భలే అనిపించింది.

ఆ అంకెల దగ్గర నేను బోల్తా పడ్డాను. బావ ఇంటి చోటుని సెట్టింగుల ఫైలులో రాయాలి. 1636.0 అంటే 16.36 అనీ, 08157.0 అంటే 81.57 అనీ రాసేశాను. తెర తెరిస్తే బావ ఇల్లు గోదావరి పాయలు వైనతేయా వశిష్ఠా రెండూ దాటి, మొగల్తూరు దిగువన సముద్రపు ఒడ్డున తేలింది.

"ఏంట్రా, నన్ను చేపలు పట్టుకోమంటావా?" అన్నాడు బావ.

అవి దశాంశాలు కావు. ఉత్తరం (ఎన్) వైపు దాంట్లో మొదటి రెండంకెలు, తూర్పు (ఈ) వైపు దాంట్లో మొదటి మూడంకెలు డిగ్రీలు, తర్వాతివి నిమిషాలు. డిగ్రీకి అరవై నిమిషాలు. 16 డిగ్రీల 36 నిమిషాలంటే 36ని 60తో భాగించి 16.60. అలాగే 81.95. నిమిషాల్లో చెప్పడం నావికుల అలవాటు. ఉత్తర దక్షిణాలుగా ఒక నిమిషం జరిగితే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. ఓడవాడికి లెక్క నోటితో అయిపోతుంది. నాలాంటి గట్టు మీది మనిషికి 45 కిలోమీటర్లకి పైగా తేడా పడింది.

సరిచేశాక కారు గుర్తు ఇంటి ముందుకొచ్చింది. తెలుగులో రాసిన ఊరి పేర్లన్నీ ఖాళీ డబ్బాలుగా కనిపించాయి. ఒత్తులూ గుడింతాలూ కూర్చే ఏర్పాటు ఆ చిట్టి విండోస్‌లో లేదు. ఇంగ్లీషు పేర్లతోనే సరిపెట్టుకున్నాం.

డెల్టాకి ఏ ప్రోగ్రామైనా తెల్లమొహం వేసే చోటు ఒకటుంది, కాలవగట్లు. కాలవకి అటూ ఇటూ రోడ్డు ఉంటుంది. మధ్యలో నీళ్లు పాతిక మీటర్లు. ఈ పాతకాలపు జీపీఎస్ ఆరుబయట ఐదారు మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. కొబ్బరితోటల కింద ఇంకా ఎక్కువే, ఎందుకంటే తడి ఆకు సిగ్నల్‌ని మింగేస్తుంది. ప్రోగ్రామేమో కారు ఎప్పుడూ రోడ్డు మీదే ఉంటుందనుకుని దగ్గరి రోడ్డుకి అతికిస్తుంది. ఒక్కసారి అవతలి గట్టుకి అతికించిందా, అయిపోయింది. ఇక అది చెప్పే మలుపులన్నీ అవతలి గట్టువే. మీరు గట్టు మారాలంటే మళ్లీ వంతెనో లాకులో వచ్చేదాకా పోవాలి. అందుకే మంచి ప్రోగ్రాములు దగ్గర ఒక్కటే చూడవు. కారు ఇందాక ఏ రోడ్డు మీద ఉంది, అక్కడి నుంచి ఈ రోడ్డుకి దారుందా అని కూడా అడుగుతాయి. వంతెన ఎక్కకుండా గట్టు మారడం కుదరదని మనకి తెలిసినట్టే వాటికీ తెలియాలి.

ఆ తెలియడం ఎలాగో పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర చక్కగా కనిపిస్తుంది. కింద వైనతేయ, దాని పైన పంట కాలవ, కాలవ వెంట రోడ్డు. కాగితం మీద చూస్తే గీత మీద గీత. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రోడ్డంటే బొమ్మ కాదు, అక్షాంశ రేఖాంశాలున్న చుక్కల వరుస. రెండు వరుసలకి ఒకే చుక్క ఉమ్మడిగా ఉంటేనే ఒకదాని నుంచి ఇంకోదానికి తిరగొచ్చు. గీతలు ఒకదాన్నొకటి దాటినా ఉమ్మడి చుక్క లేకపోతే పైనొకటి, కిందొకటి అన్నమాట. మ్యాపు గీసేవాడు పొరపాటున ఆ చుక్క పెట్టేస్తే, వంతెన మీది కారుని కింద ఇసుకలోకి తిరగమంటుంది. 2004లో ఇంగ్లండులో మొదలైన ఈ మ్యాపుని ఎవరైనా దిద్దొచ్చు కనుక అలాంటి తప్పులు వస్తాయి, పోతాయి. బావ ఇంటి సిమెంటు రోడ్డు నేను గీసిందే. పదకొండు చుక్కలు పట్టింది.

దారి వెతికే పద్ధతికి మూలం కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1959లో అచ్చు వేసిన లెక్క. ఆయనదీ కాలవల దేశమే, నెదర్లాండ్స్. బయల్దేరిన చోటి నుంచి తక్కువ ఖర్చుతో చేరగల చుక్కని ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి తర్వాతి చుక్కలకి ఖర్చు కట్టుకుంటూ పోవడం. ఖర్చంటే టైము. పంటు కూడా అందులో ఒక గీతే, దానికీ ఒక వేగం రాయాలి. మా సెట్టింగుల ఫైలులో పంటు వేగం గంటకి 40 కిలోమీటర్లని ఉంది. అంత జోరుగా పోయే పంటుని సఖినేటిపల్లి రేవు పుట్టి ఎరగదు. బావ మా నరసాపురం రావాలంటే రాజోలు దాటాక రెండు దారులు: సఖినేటిపల్లి దగ్గర పంటెక్కడం, లేదంటే దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు చుట్టి రావడం. ఆ 40ని నేను 2 చేశాను. కిలోమీటరు రేవనుకుంటే అరగంట, ఎదురుచూపుతో కలిపి. మామూలు రోజున అది న్యాయమైన లెక్కే.

భీష్మ ఏకాదశి నాడు బావ పెట్టె పెట్టుకుని బయల్దేరాడు. ఆ రోజు అంతర్వేదిలో రథోత్సవం. సాయంత్రం రేవులోంచి ఫోను చేశాడు.

"పెట్టేమో పంటెక్కమంటోంది. పంటు అవతలుంది, ఇవతల తిరణాల జనం. రెండు గంటలైనా నా వంతు రాదంటున్నారు."

"దిండి వైపు తిప్పేయ్ బావా."

తిప్పాడు. చించినాడ వంతెన ఎక్కేదాకా తెర మీద బాణం వెనక్కే చూపిస్తూ ఉందట. ఇంటికొచ్చాక చూశాను, తేదీ జూన్ 25, 2005. శనివారం మాత్రం కరెక్టే.