ఇగ్లూ కోసం థర్మోకోల్ కొనేముందు: కొన్ని అపోహలు - వాస్తవాలు

పిల్లల లైబ్రరీలో క్రాఫ్ట్ పుస్తకాలు చూసుకునేది నేనే. బళ్ళో ‘రకరకాల ఇళ్ళు’ ప్రాజెక్టు ఇచ్చారంటే రాత్రి తొమ్మిది దాటాక నాకు ఫోన్లు మొదలు. "మేడమ్, పొద్దున్నే ఇగ్లూ పట్టుకెళ్ళాలట, ఈ టైములో థర్మోకోల్ ఎక్కడ దొరుకుతుంది?" దొరికినా, హడావుడిలో ఫెవిక్విక్ పూస్తారు, థర్మోకోల్ కరిగి గుంట పడుతుంది. పిల్లాడు ఏడుపు.

అపోహ: ఎస్కిమోలని మనం పిలిచే ఇన్యుట్లు (ఉత్తర ధ్రువం వైపున్న ఆర్కిటిక్ ప్రాంతం వాళ్ళు) ఇగ్లూల్లో కాపురముంటారు.

ఉండరండీ. మంచు ఇల్లు ఎక్కువగా కెనడా ఉత్తరాది వాళ్ళ చలికాలపు బస. వేసవిలో వాళ్ళే తోలు గుడారాల్లో ఉండేవారు. గ్రీన్‌లాండ్‌లో రాళ్ళు, మట్టిపెళ్ళలతో ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు ఇగ్లూ కడితే వేటకెళ్ళినప్పుడో, పిల్లలకు నేర్పడానికో. కాపురాలు హీటర్లున్న మామూలు ఇళ్ళల్లోనే. కాకపోతే కెనడా ఉత్తరాన ఇన్యుట్లు ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతం రాజధాని ఇకాలుయిట్‌లో చాలా ఇళ్ళకు కింద కాళ్ళుంటాయి. అక్కడ నేల లోపల ఏడాదంతా గడ్డకట్టి ఉంటుంది. ఇంటి వేడి తగిలి అది కరిగిందంటే పునాది కుంగుతుంది. అందుకే స్తంభాల మీద లేపి కడతారు, కింద గాలి ఆడుతుంది.

ఈ కాళ్ళ ఇల్లు చేయించండి. చెప్పుల డబ్బా, కింద అయిపోయిన దారపు రీళ్ళు, గోడలకు ఎర్ర కాగితం. పైసా ఖర్చు లేదు. ఒక బాబు ఇలా చేస్తుంటే పక్కనే కూర్చున్న వాళ్ళ అమ్మమ్మ, "మా లంకల్లో వరదకి భయపడి ఎత్తు అరుగు కట్టినట్టే కదూ" అంది. ఆవిడ గోదావరి కబుర్లలో పడి మేం ఆ పూట కిటికీలు అంటించడమే మర్చిపోయాం.

"టీచర్ ఇగ్లూనే అడిగారు, మార్కులు పోతాయేమో" అని మీ టెన్షన్. సరే, రెండూ చేయండి. ఇగ్లూ పక్కన ‘వేట బస’ అని చీటీ పెట్టండి. పెంగ్విన్‌ని మాత్రం తీసేయండి, ఆర్కిటిక్‌లో అవి లేవు. బొమ్మలు చెక్కిన టోటెమ్ స్తంభం కూడా వద్దు, అది ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలోని వేరే జాతులది.

అపోహ: ఇలాంటి క్రాఫ్టుకి కిట్ కొనాలి.

అక్కర్లేదు. ఇన్యుట్ల కళ్ళజోడు చేయడానికి పాత శుభలేఖ అట్ట చాలు. మంచు మీద ఎండ మెరుపు కళ్ళను దెబ్బతీయకుండా ఇన్యుట్లు కొమ్ముతో, ఎముకతో, చెక్కతో కళ్ళజోళ్ళు చేసుకునేవారు. అద్దాలుండవు, అడ్డంగా సన్నటి చీలిక, అంతే. అట్టకి కళ్ళ దగ్గర అలాగే కోసి రబ్బర్ బ్యాండ్ కట్టండి. వీటితో గ్రహణం చూడొచ్చని గ్రూపుల్లో తిప్పకండి దయచేసి. వెలుతురు తగ్గిస్తాయే తప్ప, సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు పోతాయి.

అపోహ: ఇన్యుట్లు రాళ్ళు పేర్చి నిలబెట్టే ఇనుక్సుక్ ఒక ఆటబొమ్మ.

కాదు, ఇనుక్సుక్ దారి చూపే గుర్తు. నునావుట్ జెండా మీద ఉన్నది అదే.

ఇన్యుట్ల మీద పుస్తకం ఎలా ఎంచుకోవాలంటారా? ముందు మ్యాప్ చూడండి. నునావుట్ 1999 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆ పేరు లేకపోతే పాత సరుకే. ఆ తర్వాత బొమ్మలు చూడండి: బడి, కిరాణా కొట్టు, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి), వీటిలో ఏ ఒక్కటీ లేకపోతే ఆ పుస్తకంలో క్రాఫ్టులు వాడుకోండి, మనుషుల గురించి రాసిన పేజీలు వదిలేయండి.